ఎదురుబరువు

లోడరు ఫిన్లాండు నుంచి పడవ మీద వచ్చింది,
రెండు చేతులూ ముడుచుకుని, అలిగిన చుట్టంలా.
వేరెవరి ట్రాక్టరుకో పుట్టిన ఇనుము.
మా ఎర్ర వ్లదిమీరెత్స్ పక్కన నిలబెట్టి చూస్తే
చట్రానికీ దాని బ్రాకెట్టుకీ మధ్య
నాలుగు వేళ్ళ ఎడం.

"ఓస్, నాలుగు వేళ్ళేగా" అన్నాడు ఎండెల్,
మూడే మిగిలిన చేత్తో కొలిచి.

నిరుడు గడ్డి చుట్టల్ని ఎలా తెచ్చానో
ఈ దీవిలో అందరికీ తెలుసు.
వాలు మీద తోసి, వెంట పరుగెత్తాను.
అరవై మూడేళ్ళ మోకాళ్ళు, పంగలకర్రకి అరిగిన భుజం.
ఒక చుట్ట ఆగనే లేదు,
జూనిపర్ పొదలు దాటి సముద్రంలో పడింది.
అలలు దాన్ని రెండు రోజులు మేశాయి.

జూన్‌లో ఇక్కడ రాత్రి పేరుకే రాత్రి.
పదకొండు గంటలకి కూడా బోల్టు మీద మరలు లెక్కపెట్టొచ్చు.
సమిష్టి క్షేత్రం మూతపడ్డాక తుప్పులో మిగిలిన
పాల క్యాన్ల కాటా పళ్ళెం తెచ్చి
ఎండెల్ రెండు పలకలు కోశాడు.
ఒకప్పుడు దాని మీదే
మా అమ్మ లైనే పాలు తూకానికి తక్కువయ్యేవి
ఎప్పుడూ, ఒక అరలీటరు.
నిప్పురవ్వలు ఎగిరాయి. నేను పక్కకి చూశాను.

హోస్ పైపు జానెడు పొట్టి.
పొడుగుది తెప్పించడానికి తొమ్మిది రోజులు.
అది బిగించి మీట లాగితే
గాలి చిక్కిన సిలిండర్లు ఎక్కిళ్ళు పెట్టాయి.
చేతులు లేచాయి, ఈనిన ఆవు మొదటిసారి లేచినట్టు,
వణుకుతూ, కాస్త ఆగి, మళ్ళీ వణుకుతూ.

మొదటి చుట్ట వానకి తడిసింది, అర టన్ను ఉంటుంది.
ఇనుప ముల్లు దాని కడుపులోకి దిగిన చప్పుడు లేదు.
ఎత్తాను. వాలులో దిగుతూ బ్రేకు తొక్కాను.
వెనక చక్రం నేల విడిచింది.
గాలిలో ఉన్న చక్రానికి బ్రేకేమిటి?
కాలు కింద ఏమీ లేదు,
సీటు కింద ఏమీ లేదు,
ముందర చుట్ట ఒక్కటే, ఆకాశమంత.
"దించు! మైమూ, దించు!"
మీట ఎటు తోశానో చెయ్యికి తెలుసు, నాకు తెలీదు.
చుట్ట నేలకి ఆనింది. చక్రం ధభీమని వచ్చి
తన చోట తను కూచుంది.

ఇద్దరం చాలాసేపు కాఫీ తాగాం.
"ముందు మోసేదానికి వెనక సాక్ష్యం కావాలి" అన్నాడు,
"సిమెంటు దిమ్మ పోయిద్దాం."
సిమెంటు ధర కూడా చెప్పాడు.
నేను కిటికీలోంచి గట్టు వైపు చూశాను.

మంచు కరిగిన ప్రతి వసంతం ఈ నేల రాళ్ళనే ఈనుతుంది.
మా అమ్మమ్మ ఒడిలో ఏరింది. అమ్మ బకెట్లతో ఏరింది.
నేను ఏరి ఏరి తిట్టాను.
మూడు తరాల నడుములు
గట్టు మీద కుప్పపడి, నాచు పట్టి ఉన్నాయి.

పాత పశువుల తొట్టి వెనక బిగించి, రాళ్ళు వేశాం.
ఒకదాని నుదుట నాగలి గీత ఇంకా ఉంది.
అరవై ఎనిమిదిలో కర్రు విరిగిన రోజు
అమ్మ దాన్ని కాలితో తన్ని, వారం రోజులు కుంటింది.
అది పైన పెట్టాను, కనపడేలా.

అదే చుట్ట. అదే వాలు.
వెనక చక్రాలు బంకలా నేల పట్టుకున్నాయి.
పొలంలోంచి బయటికి మోసిన రాళ్ళు
మళ్ళీ పొలమంతా తిరిగాయి, నా వెనక, చప్పుడు చేస్తూ.

నలభై ఒక్క చుట్టలు కొట్టంలో చేరాయి.
స్టీరింగు మాత్రం మొండి ఎద్దు మెడే.
ఎడమ పైపు దగ్గర నూనె కారుతోంది.
కింద చేపల డబ్బా పెడితే తెల్లారేసరికి సగం నిండింది.
ఎండెల్‌కి ఇంకా చెప్పలేదు.
చెబితే వెంటనే వచ్చేస్తాడు, పానా పట్టుకుని.
శనివారం చెబుతాను,
ఆవిరి గది వేడెక్కే వేళకి.