తేలికవి

కెమెరోవోలో, గని కార్మికుల పాత బ్లాకు, మూడో అంతస్తు.
ఫయీనా గోర్దేయెవ్న
ఆవు ఊపిరితిత్తిని కుండలో వేసింది.
అది మునగలేదు.
గరిటెతో అదిమితే పోయినట్టే పోయి
మూతని భుజంతో ఎత్తుకుంటూ పైకొచ్చింది.

బల్ల మీద ఉల్యానా హోంవర్కు:
ఈ మాట ఎలా పుట్టిందో రాయండి.
ల్యోఖ్కియె.
ఊపిరితిత్తులకు ఇక్కడి పేరు.
విప్పి చూస్తే లోపలేం లేదు,
తేలికవి, అంతే.
"ఎందుకలా అన్నారు, బామ్మా?"
బామ్మ నిఘంటువు తియ్యలేదు,
మూత తీసింది.
కాలేయం అడుగున. గుండె అడుగున.
ఇదొక్కటే పైన, మొహమంతా నురగ పూసుకుని.

ఎవరో, పండితుడు మాత్రం కాదు,
కసాయివాడో, వాడి పెళ్లామో
చేతులు కడుక్కోకుండానే పెట్టిన పేరు.

పక్క గదిలో సవేలీ
మూడు దిళ్లకి ఆనుకుని కూర్చునే నిద్రపోతాడు.
ఇరవై ఆరేళ్లు భూమి కడుపులో పీల్చింది
ఇక బయటికి రానంది.
ఎక్స్‌రేలో బొగ్గు తెల్లగా పడుతుంది,
ఆ సంగతి ముందుగా ఎవరూ చెప్పరు.
ఫిల్ముని కిటికీకి ఆనించి చూశాం.
ఏ చుక్క అతని లోపలిదో
ఏది బయట కురుస్తున్న మంచో
చాలాసేపు తేలలేదు.
"మీ తేలికవి బరువెక్కాయి" అంది డాక్టరమ్మ.
నవ్వలేదు.
రోజూ అనే మాటలో అర్థం ఎవరికి వినపడుతుంది?

అద్దెకున్నవాణ్ణి, నోరు ఊరుకోక చెప్పాను:
మా భాషలో వీటిని తిత్తులంటాం,
కొలిమి దగ్గర కమ్మరి ఊదే తోలుసంచి.
సవేలీ ఆలోచించాడు.
ఒక దగ్గు, ఇంకో దగ్గు, ఆ తర్వాత:
"అదే నయం. చిల్లు పడితే
కుట్టించుకోవచ్చు."

ఉల్యానా పెన్సిలు కొరుకుతూ అడిగింది
"తాతయ్యవి కూడా తేలుతాయా?"

గరిటె ఆగింది.
కుండ మాత్రం ఉడుకుతూనే ఉంది.
"పెళ్లికి ముందు వేసవిలో
తోమ్ నది మీద వెల్లకిలా పడుకుని,
కాలి వేళ్లు పైకి పెట్టి,
నోట్లో సిగరెట్టు ఆరకుండా
అవతలి ఒడ్డుకి పోయాడు మీ తాత.
నేను ఒడ్డున అతని బూట్లు పట్టుకుని నిలబడ్డాను.
బూట్లే బరువు."

పిల్ల రాసుకుంది: నీళ్లలో తేలుతాయి కనక.
కింద ఇంకో వాక్యం మొదలుపెట్టి
రబ్బరుతో చెరిపేసింది.
కాగితం అక్కడ పలచబడింది.

లోపలినుంచి సవేలీ
"ఉప్పు..."
గోడ గడియారం నాలుగుసార్లు టిక్కుమంది.
"...వేశావా, ఫయా?"