అర మడత

షెఫీల్డ్‌లో ఏ వీధైనా
ముందు లోయలోకి దిగుతుంది, తర్వాతే ఎక్కుతుంది.
నా ఆరు వారాల గ్రాఫూ అంతే.
ఎడమ వాలు మడుచుకునే వేగం,
కుడి ఎత్తు విప్పుకునే వేగం,
అడుగున, ఎటూ తేల్చుకోలేని చోట,
నాలుగు మోలార్ యూరియా.

మావైపు వరికి చల్లే యూరియానే.
ఇక్కడ తూకం వేసి నీళ్లలో కలిపితే
బీకరు చెయ్యి జివ్వుమనేంత చల్లబడుతుంది.
అందులో పడ్డ ప్రోటీను
తన మడతలన్నీ వదిలేసి ఉత్త గొలుసైపోతుంది.
ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చిది కాదు.
ఇది మాత్రం, నీళ్లు పోస్తే చాలు,
ఎవరూ చెప్పకుండానే ఇంటికొస్తుంది.

ఆ రావడాన్నే మేం కొలుస్తాం.

రెండు సిరంజీలు.
వెర్నన్ ఇబట్సన్ మీట నొక్కుతాడు, టక్.
రెండు ధారలూ ఢీకొని, కలిసి, ఆగుతాయి.
గొలుసు మొత్తానికీ ఒక్కటే ట్రిప్టోఫాన్,
అతినీల కాంతిలో వెలుగుతూ వెలుగుతూ
లోపలి గదిలోకి వెళ్లి కూర్చునేసరికి మసకబారుతుంది.
మాకు అందే కబురు అదొక్కటే.
తెరమీద ఒక వంపు జారుతుంది.
ఇరవై మిల్లీసెకన్లు.

మొదటి ఒకటిన్నర మాత్రం మాకు దక్కదు,
కలపడానికే ఖర్చు.
మాన్యువల్లో దాని పేరు చచ్చిన సమయం.
చచ్చేది మా చూపే.
మేం కళ్లు తెరిచేసరికే వెలుగు కొంత తగ్గి ఉంటుంది,
పేర్లు పడిపోయాక హాల్లోకి వచ్చినట్టు,
పక్క సీట్లో అడగడానికి ఎవరూ లేనట్టు.

ఆ పోయిన ముక్కని కింది అంతస్తులో
బ్రోన్వెన్ కట్టుకుంటూ వస్తోంది.
అణువు అణువుకీ లెక్కల స్ప్రింగులు తగిలించి,
చుట్టూ నీళ్లు కూడా అంకెలతోనే పోసి,
చీమ అడుగు కన్నా చిన్న అడుగులేయిస్తుంది కాలం చేత.
రెండు నెలలుగా మిషన్లు హోరెత్తుతున్నాయి,
ఆమె గడియారంలో ఇంకా ఒక్క మిల్లీసెకనూ నిండలేదు.
"పైనుంచి నువ్వు తవ్వు, కిందనుంచి నేను,
ఎక్కడో కలుస్తాం" అంటుంది
బిస్కెట్టు టీలో ముంచి, విరగ్గొట్టుకుని.

నా వంపుకి ఒక్క సమీకరణం సరిపోవడం లేదు.
గీత కిందుగా మిగిలిన తేడాలు
చుక్కల్లా చెదరక అలలా లేస్తున్నాయి.
తోకలో ఏదో నెమ్మదిగా, నిమిషాల మీద.
పరికరం జారుడేమో, వదిలెయ్, అంది ప్రొఫెసర్ హెస్కెత్.
నా అనుమానం డెబ్బై మూడో గింజ మీద.
ప్రోలీను.
మిగతావాళ్లంతా సర్దుకుని కూర్చున్నాక
తనొక్కటే అటు తిరిగి నిలబడుతుంది,
ఇటు తిరిగేదాకా గొలుసంతా ఆగాలి.
మా భాషలో దీనికి మాటుంది: మడతపేచీ.
వెర్నన్‌కి అర్థం చెప్పబోయి
అరగంట పట్టింది.

అంతా విని జేబులోంచి కత్తి తీశాడు.
కొమ్ము పిడి, ఇత్తడి మేకులు.
డాన్ నది పక్క షెడ్డులో వాళ్ల నాన్న
ఇలాంటివాటికి స్ప్రింగులు బిగించేవాడట.
"చూడకు, విను" అన్నాడు.
తెరిచిన అలుగుని మెల్లగా మూశాడు.
టిక్.
సగంలో ఆగింది, నిటారుగా.
ఇంకొంచెం తోశాడు.
టక్.
"ఆ మొదటి చప్పుడు లోపమనుకుంటారు కొత్తవాళ్లు.
అక్కడ ఆగకపోతే తెగేది నీ వేలే."

నేనేమీ అనలేదు.
ప్రోటీనుకి వేళ్లుండవు,
కత్తిని చేసిన మనిషి ఉన్నాడు, దీన్ని చేసింది ఎవరని.
ఇవన్నీ నోటిదాకా వచ్చాయి.

యంత్రంలో రికార్డు గడువు
ఒక సెకను ఉండేది, మూడొందలు చేశాను.
మీట నొక్కాడు.
వంపు ఎప్పటిలాగే ఒక్క ఉదుటున పడింది.
తర్వాత ఇద్దరం స్టూళ్లు లాక్కున్నాం.
బయట ఆఖరి ట్రామ్ వానలో లోయ దిగుతోంది.
నూట పది సెకన్లు.
నూట పదకొండు.
తోక ఇంకా దిగుతూనే ఉంది.