నూట పన్నెండు మీటర్ల కాడ

ఖోర్ ఖువైర్ క్వారీల రిగ్గు దిగుతున్నది.
పోశెట్టి లీవర్ మీద చెయ్యేసి,
చెవి రాయికిచ్చిండు.
"నీళ్లు తిరిగొస్తలేవు. లోపలెవరో తాగుతున్నరు" అన్నడు
గేజీ ముల్లు కదలకముందే.

గొట్టంల నుంచి జారిన రాతికడ్డీని
ట్రేల పండబెట్టి, కడిగి,
లోతు రాసుడు నా పని.
బూడిదరంగు సున్నపురాయి,
ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న బురద.
దాన్ని ఏటవాలుగ కోసుకుంట
బొటనవేలు మందం తెల్లచార.

"ఇది వెనకొచ్చింది, కింద నుంచి" అన్నడు
సూడాన్ ఇద్రీస్ సారు, సగం హిందీ సగం అరబ్బీల.

పొరల మీద పొరలు కూసుంటే
బట్ట పిండినట్టు పిండుకపోయిన ఉప్పునీళ్లు,
లోతుల కాగి కాగి,
రాయినే ఇంతింత కొరుక్కతిని,
పోయే తొవ్వ లేక ఉబ్బి ఉబ్బి
ఒకనాడు పటుక్కున పగలగొట్టినయట.
సోడా మూత తీసినట్టు గ్యాసు పోంగనే
మోసుకొచ్చిన సున్నమంతా అక్కడ్నే దించేసినయట,
మా క్యాంపు కెటిల్ అడుగున
గోరుకు రాని తెల్లపొర లెక్క.

పగిలింది. అతికింది.
అతికినకాడికి మళ్లీ పగిలింది.
భూతద్దం పెట్టి లెక్కిస్తే పదిహేడు గీతలు.
నడుమ, రెండు వైపుల పలుకులు
ఒకదాన్నొకటి అందుకోలేక ఆగిన
పెసరగింజంత ఖాళీ.

పోశెట్టి సుత్తితోని కొట్టిండు.
చార కాడ ఇరగలే.
జానెడు అవతల, ఏ గీతా లేనికాడ ఇరిగింది.

మధ్యాహ్నం ల్యాబుల పిలిచి చూపెట్టిండు సారు:
ఉల్లిపొర కన్న పల్చగ కోసిన పలుకు,
అందుల బందీ అయిన నీటిబొట్టు,
బొట్టుల బుడగ, ఊకె వణుకుతున్నది.
వేడి పెంచుకుంట పోయిండు.
నూట ఇరవై ఎనిమిది కాడ బుడగ మాయం.
"చార పుట్టిన్నాడు కనీసం ఇంత వేడి."
మంట తగ్గించంగనే
ఏం జరగనట్టు బుడగ మళ్లా వచ్చి వణికింది.

"తాగితే ఎట్లుంటదంటవ్ ఆ బొట్టు?" అడిగిండు పోశెట్టి,
బయట నలభై ఏడు డిగ్రీల ఎండల.
"ఉప్పు. ఈ సముద్రం కన్న ఉప్పు."
వాడు నవ్వి, సీసాల మిగిలిన గుక్కెడు
నాకిచ్చిండు.

రెండో షిఫ్టు బస్సు హారన్ కొడుతున్నది.
పెట్టె మూత బిగించేముందు
నూట పన్నెండు పక్కన
కోడు నంబరు వెయ్యాల్సిన జాగల
"తెల్లచార" అని తెలుగుల రాసిన.
ఆడిటింగోడు అడిగితే
ఏం చెప్పాల్నో అప్పుడు చూద్దం.