లాభంతో మొదలు

కాగితం వచ్చింది.
క్లాసులో పాట వేస్తే ఇకపై రుసుము వేరేగా కట్టాలట.
ఏడాదికెంతో చదివి
స్పీకరు తీగ పీకి చుట్టేశాను.

గుణుపురం, ధాన్యం కొట్టు మీది మేడ,
తెల్లారి ఐదున్నర,
పదకొండుమంది ఆడవాళ్ళం, ఒక ఫ్యాను.
ముందు ఫ్రీ ట్యూన్లు తెచ్చాను,
విశాఖ ఆసుపత్రి లిఫ్టులో మోగేలాంటివి.
సుకాంతి ఆవలించింది.

సరే, లెక్కే పెడదాం అన్నాను.
"ఏకొ, దుయి, తిని" అంటూ సుకాంతి వాళ్ళు చకచకా.
మా "ఎనిమిది" దగ్గర మాత్రం
నాలుగక్షరాలూ అయ్యేదాకా
కాలు గాల్లోనే.

అప్పుడు నీలవేణమ్మ,
నలభై ఏళ్ళు కింది కొట్లో కుంచంతో కొలిచిన మనిషి,
మోకాలి పట్టీ బిగించుకుంటూ అంది:
"ఒకటనకమ్మా, లాభం అను."

లాభం. రెండు. మూడు.
ఆరు దాటి నోరు తెరవబోతే చెయ్యడ్డం పెట్టింది:
"పొద్దున్నే ఎవర్ని ఏడమంటావు?
ఆరున్నొకటి అను."

ఇప్పుడు ఆరున్నొకటి దగ్గర అందరం ఎగురుతాం.
ఒడియా వాళ్ళకీ అక్కడ తెలుగే.
బస్తాల మీద సున్నం రాలుతోందని
తిట్టడానికొచ్చిన షావుకారు
మెట్ల మీదే నిలబడిపోయి
వేళ్ళు మడుస్తున్నాడు.