గేజి పుస్తకంలో పెన్సిల్ అంకెలు

మేడమ్ గారూ,
మీరిచ్చిన కాగితం మీద సంతకం పెట్టాను గానీ
ఒక గడి ఖాళీగా వదిలేశానండి.
'ఒత్తిడి ఎప్పుడు మొదలైంది' అన్న చోట.
రాయడం చేతకాక కాదు.
లాకుల మీద లస్కరుని,
ఇరవై రెండేళ్లుగా పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ
నీటిమట్టం రాయడమే నా ఉద్యోగం.

మా హెప్సిబాకి పద్నాలుగు.
అమలాపురంలో మీ గదిలో
దాని నోట్లో దూది పెట్టారు,
వేలికి క్లిప్పు, గుండె మీద మూడు బిళ్లలు.
మొహంలో ఏ గీతా కదలని ఇద్దరు కూర్చుని
"నీ గురించి ఐదు నిమిషాలు చెప్పమ్మా" అన్నారు.
చెప్పింది.
రావులపాలెం బస్సుకి ఎన్ని కిటికీలో,
ఎన్నింటికి అద్దం లేదో.
మిగిలిన నాలుగు నిమిషాలూ ఫ్యాను చప్పుడు.

తర్వాత గీతలు చూపించారు.
మిగతా పిల్లల గీత లేచింది, పడింది, సద్దుమణిగింది.
మా దానిది బల్లపరుపు.
"పెద్దగా స్పందన లేదు" అన్నాడు మీ పక్క కుర్రాడు.
మీరు పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీసి
"మొదట్నించీ పైనే ఉంది కదా" అన్నారు మెల్లగా.

ఆ ఒక్క మాటకే ఈ ఉత్తరం.

ఆగస్టు వానలకి
కాలువ గట్టు అంచుదాకా నిండిపోయాక
గేజి రాయి మీద అంకె కదలదండి.
ఊళ్లోవాళ్లొచ్చి
"నిలకడగానే ఉంది కదరా జక్కరయ్యా"
అని బీడీ కాల్చుకుని పోతారు.
నేను తలుపు మీద అరచెయ్యి ఆనిస్తాను.
ఇనుము వణుకుతూ ఉంటుంది
చెవికి అందనంత సన్నగా.

పోయిన క్రిస్మస్‌కి చర్చిలో వాక్యం చెప్పింది.
ఒక్క అక్షరం పోలేదు.
"భయమన్నదే లేదు నీ కూతురికి, రాయి"
అని పాస్టరమ్మ గారు మురిసిపోయారు.
దాని మణికట్టు నా చేతిలో ఉంది.
పడవ అడుగున పడ్డ బొమ్మిడాయిలా
కొట్టుకుంటోంది లోపల.
మెడ వెనక చెమట, వేళ్లు చన్నీళ్లు.
చప్పట్లు అయిపోయాయి,
కేకు ముక్కలు అయిపోయాయి,
షామియానా కూడా విప్పేశారు.
నాడి దిగలేదు.
రాత్రి పదకొండింటికి గుమ్మంలో కక్కుకుంది.
కేకు పడలేదేమో అంది వాళ్లమ్మ.
అది కేకు ముట్టుకోలేదండి.

మీ దగ్గర్నించి వచ్చాక
నేనూ లెక్క మొదలెట్టాను.
గోడ గడియారం చూస్తూ, నిమిషానికి ఎన్నని.
గేజి పుస్తకం అంచున పెన్సిల్‌తో:
ఎనభై నాలుగు.
మేనత్త పిల్లలొచ్చిన రోజు నూట పద్దెనిమిది.
వాళ్లు వెళ్లిపోయిన మర్నాడు కూడా నూట పది.
మొన్న ఏఈ గారు తనిఖీకి వచ్చి
"ఇదే మట్టమయ్యా?" అన్నారు.
రబ్బరుతో చెరిపాను.
ఆయన జీపు వంతెన దాటగానే మళ్లీ రాశాను.

జనం వస్తే అది లాకు మీదకి వచ్చేస్తుంది.
తలుపులెత్తే చక్రం పళ్ల మీద
వేలు పెట్టి తిప్పుతుంది,
నలభై ఆరు పళ్లు, గ్రీజుతో సహా.
మూడు చుట్లకి తొంభై ఎనిమిది,
ఏడు చుట్లకి తొంభై.
అందాకా ఎవర్నీ ఇటు రానివ్వను.
పడవలు తిరిగే రోజులు కావు గదా,
లాకు తెరవమని అడిగేవాళ్లూ లేరు.

ఆ ఖాళీ గడిలో మీరే రాసేసుకోండి:
ముందురోజు సాయంత్రం,
జడ వేస్తూ వాళ్లమ్మ
"రేపు అమలాపురం వెళ్లాలి" అన్నప్పుడు.

వచ్చే నెల మళ్లీ రమ్మన్నారు. వస్తాం.
ఆ ఇద్దర్నీ ఈసారి కాస్త నవ్వమని చెప్పండి.

వద్దులెండి.
నవ్వెందుకో తేల్చుకోవడం కూడా
దానికి పనే.