పటిక బస్తా

బేగంబజార్‌లో నాన్న లెక్కలు రాసే దుకాణంలో
పరీక్ష ముందురోజు
బస్తాల మీద సుద్దముక్కతో సూత్రాలు రాస్తున్నాను.
మైలుతుత్తం మీద కాపర్ సల్ఫేట్,
నవాసాగరం మీద అమ్మోనియం క్లోరైడ్,
సురేకారం దగ్గర ఆగి పుస్తకం తెరిచాను.

హమాలీ అంతయ్యకు చదువు రాదు.
వాసనతో కొన్ని, నాలిక కొసతో కొన్ని,
మిగతావాటిని భుజమే గుర్తుపడుతుంది.

"పటిక మీద గింత పొడుగేంది బిడ్డా?"
పొటాషియం, అల్యూమినియం,
బ్రాకెట్లో సల్ఫేట్లు రెండు,
చుక్క తర్వాతవి పన్నెండు నీళ్లు.
"ఎండిన రాయిల పన్నెండు నీళ్లా!
గందుకే మోస్తాంటె మెడలు ఇరుగుతయి."

"గీ కింద కూసున్న చిన్న అంకె?"
ఎంతమంది ఉన్నారో చెబుతుంది.
"మా లెక్కనే. సేటు చిట్టీల అడుగున రాస్తడు,
హమాలీ, నాలుగు.
మరి పొటాషియం కింద ఏం లేదేంది?"
ఒక్కటే ఉంటే రాయరు. రూలు.

అంతయ్య చెవి మీది బీడీ తీసి
మళ్లీ అక్కడే పెట్టుకున్నాడు.
పోయినేడే రేషన్ కార్డులో
ఒక పేరు కొట్టేయించుకొచ్చాడు.

"రాయకుంటే లేనట్టా?"

అది లేకపోతే పటికే కాదు, అన్నాను.
పుస్తకంలో అలా లేదు.

లారీ హారన్ కొట్టింది.
తలగుడ్డ బిగించి
పన్నెండు నీళ్లనూ ఒక్క ఊపున ఎత్తుకున్నాడు.
దించి వస్తుంటే చూశాను,
చెమటకు తడిసిన అంగీ వీపున
నా సుద్ద అక్షరాలు
తిరగబడి, సగం సగం.
సురేకారం బస్తా ఇంకా ఖాళీగానే ఉంది.