తెల్లబల్ల

కాలు జారితే తీసుకోవచ్చు,
నోరు జారితే తీసుకోలేమని
మా అవ్వ చెప్పేది.
ఎనభై దాటిన కాలు జారితే ఏమవుతాదో
అవ్వకు తెలీదు. అంతవరకు ఆమె బతకలా.

మామా సబీకాకు తెలుసు.
ఫిబ్రవరిలో బాత్రూం గడపకాడ పడింది.
ఎముక బాగుందన్నారు ఆసుపత్రిలో.
భయం మాత్రం తుంటిలో
చేపముల్లు మాదిరి ఇరుక్కుపోయింది.
ఫహాహీల్‌లోని ఆ పెద్దింట్లో
గోడల వెంబడే తిరిగేది, బల్లి తిరిగినట్టు.
హాలు నడిమికి రమ్మంటే
సముద్రంలో దిగమన్నట్టు చూసేది.

ఆదివారాలు జిన్సీ వస్తాది,
కాళ్ళకు కసరత్తు నేర్పే కేరళ పిల్ల.
ఒక తెల్లబల్ల తెచ్చి టీవీ ముందర పరిచింది.
ఎక్కి నిలబడితే తెర మీద పడవ.
ఎటు ఒరిగితే పడవ అటు పోతాది.
అలొస్తే కాలెత్తాల,
ముత్యపు చిప్ప కనపడితే ముందుకు వంగాల.
"నేనేమన్నా చంటిపిల్లనా?"
మామా రిమోట్ ఇసిరేసింది.
జిన్సీ రిమోట్ ఏరుకుని, నాతో అనింది:
పక్కన నిలబడు. చేతులు చాపు. తాకొద్దు.
తాకితే నీ మీద వాలతాది,
ఆమె కాళ్ళు పని మరిచిపోతాయి.

తాకకుండా పట్టుకోవడం.
పందొమ్మిదేళ్ళ కువైట్‌లో
ఈ పని నాకెవురూ చెప్పలా.

మొదటి వారం నలభై పాయింట్లు.
పడవ రాతికి కొట్టుకునేది,
మామా రాతిని తిట్టేది.
ఒకసారి దొంగగా నా భుజం పట్టుకుంటే
బరువు తగ్గింది, సరిగ్గా నిలబడమని
అరబ్బీలో గద్దించింది బల్ల.
"షైతాన్" అని దిగిపోయింది మామా.
చాయ్ తాగి మళ్ళీ ఎక్కింది.

చిప్పలేరతా ఏరతా ఒకనాడు చెప్పింది,
వాళ్ళ నాయన కాలికి రాయి కట్టుకుని
ముత్యాలకోసం మునిగేవాడంట.
అది గూడా పడటమే గదా అనడిగినా.
పైన తాడు పట్టుకున్నోడు ఉంటే కాదు, అనింది.

ఒక రాత్రి అందరూ పండుకున్నాక
నేనెక్కినా.
బల్ల వయసడిగింది.
పాస్‌పోర్టులోది కొట్టినా, నలభై ఆరు.
రాయచోటి ఏజెంటు
చింతపండులో గింజలు తీసినట్టు
నాలోంచి తొమ్మిదేళ్ళు తీసి పారేసిన లెక్క అది.
ఒంటికాలి మీద నిలబడమనింది,
కళ్ళు మూసుకోమనింది.
నెత్తిన బిందె పెట్టుకుని గనిమల మీద నడిచినదాన్ని,
నాకిదొక లెక్కా అనుకున్నా.
తూలినా.
మీ కాళ్ళ వయసు యాభై ఎనిమిది, అని రాసింది తెర మీద.
ఎమిగ్రేషనోళ్ళు, మెడికల్ డాక్టరు, కఫీలు
ఎవురూ పట్టలేని అబద్ధాన్ని
అరికాళ్ళలో చదివేసింది.

ఎనకాల నవ్వు.
తలుపుకాడ మామా, గోడ పట్టుకోకుండా.
ఓబులమ్మ అనేది నోరు తిరగక
నన్ను ఓబ్లా అంటాది.
"ఓబ్లా, ముసిల్దానా, దిగొద్దు.
ఇంకోసారి ఆడు."

ఆ పొద్దు నుంచి వంతులు.
ఇషా నమాజు అయినాక ఆమె రెండాటలు, నేనొకటి.
నేను తూలితే ఆమె చేతులు చాపతాది.
ఆ చేతులు వణకతా ఉంటాయి, అయినా తాకవు.

మొన్న తివాచీ అంచు ముడతపడి
మామా కాలికి తగిలింది.
వంటింట్లోంచి నేను ఉరికొచ్చేసరికి
అల తప్పించినట్టు ఒకడుగు పక్కకేసి
నిటారుగా నిలబడి ఉండాది.
"ఎన్ని పాయింట్లు?" అనింది.
నాకు దడ తగ్గలా.
తివాచీ చుట్టి స్టోర్‌రూంలో పడేసినా.

శుక్రవారం షాండ్లియర్ తుడిచే దినం.
నూటముప్పై గాజుబొట్లు.
నిచ్చెన నాలుగోమెట్టు ఊగతాది,
నేనొచ్చిన కాడినుంచీ ఊగతానే ఉండాది.
ఈసారి ఎక్కి కిందికి చూస్తే
మామా సబీకా
నిచ్చెన కాలు రెండుచేతులా పట్టుకుని ఉండాది.
పట్టుకునిందో, ఆనుకునిందో
నేనడగలా.
నిచ్చెన మాత్రం కదల్లేదు.